తాత రంగం ఎప్పుడు వెళ్లాడో, ఏ దారిన తిరిగొచ్చాడో తెలుసుకోవడం ఎలా?

చీపురుపల్లి మనవడు:

మా తాత పేరున్న మనిషి కాదు. చీపురుపల్లి దగ్గర పల్లెలో పుట్టి, రంగం వెళ్లి, తిరిగొచ్చి, విశాఖ సింధియా షిప్‌యార్డులో పనిచేసి, మళ్లీ ఊళ్లోనే పోయాడు. (రంగం అంటే రంగూన్. మా వైపు బర్మా మొత్తాన్నీ రంగం అనే అంటారు.) ఆయన గురించి మా పిల్లలకు నాలుగు పేజీలు రాసిపెడదామని కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఆగిపోయాను.

నా దగ్గరున్నవి ఇవి. ఒక టేకు పెట్టె. షిప్‌యార్డు కాగితం ఒకటి, అందులో పుట్టిన తేదీ 1-7-1908, సంతకం చోట వేలిముద్ర. ఇంకా ఇంట్లో చెప్పుకునే మాటలు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి జలఉష ఓడను నీళ్లలోకి దించినప్పుడు తాత అక్కడే ఉన్నాడట. నెహ్రూ టోపీ కనిపించింది గానీ మొహం కనిపించలేదని చెప్పేవాడు. నాకు ఐదేళ్లప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకుని బర్మా భాషలో అంకెలు నేర్పాడు. తిత్, నిత్, తౌన్ వరకే గుర్తున్నాయి.

రంగం ఏ ఏడు వెళ్లాడో ఎవరికీ తెలియదు. "పెళ్లైన నెల్లాళ్లకి ఎల్లిపోనాడు" అంటుంది మా మేనత్త. పెళ్లెప్పుడంటే "గాలివాన ఏడు" అంటుంది. మాకు గాలివాన లేని ఏడు ఎక్కడుంది! యుద్ధంలో నడిచొచ్చాడని మాత్రం అందరూ చెబుతారు. ఓడ ప్రయాణికుల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయా?

పాత కరణం:

బాబూ, ముందు ఆ జూలై 1ని నమ్మకండి. చదువులేని కూలీ పనికి చేరితే గుమాస్తా మనిషిని ఎగాదిగా చూసి ఒక ఏడు వేసి, తేదీ తోచక జూలై 1 రాసేవాడు. నా సర్వీసులో అలాంటివి వందల్లో చూశాను. నా సొంత పుట్టినరోజు కూడా జూలై 1నే, మా అమ్మేమో నేను సంక్రాంతికి పుట్టానంటుంది.

ఓడ జాబితాల సంగతి వదిలేసి భూమి దగ్గర వెతకండి. రంగం పోయినవాడు డబ్బు పంపితే ఇంటివాళ్లు మొదట చేసే పని చెక్కో ముక్కో కొనడం. మీది జమీందారీ గ్రామమైతే 1948 చట్టంతో ఎస్టేటు రద్దయ్యాక సర్వే చేసి రైతువారీ పట్టాలిచ్చారు. ఆ కాగితాల్లో మీ తాత పేరో, ముత్తాత పేరో ఉంటుంది. అంతకంటే పాతది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం నకలు అడగండి. అమ్మకం దస్తావేజులు అందులోకే ఎక్కుతాయి, దాన్ని శాశ్వతంగా ఉంచాలి. కొన్నవాడు ఊళ్లో లేకపోతే తండ్రి పేరునో, భార్య పేరునో రాయించి ఉంటారు. మగవాళ్ల పేర్లతో ఆగకుండా మీ నాయనమ్మ పేరుతో కూడా చూడండి.

రేవు కూలీ మునిమనవడు:

మా పెద్దతాత కోసం రెండేళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. డెక్కు మీద పోయిన కూలీ పేరు నాకు ఏ జాబితాలోనూ దొరకలేదు. ఎక్కడైనా దొరికినా ఏం తేలుతుంది? ఇంటిపేరు ఉండదు, "అప్పన్న" అని ఉంటుంది. సింహాచలం చుట్టుపక్కల ఇంటికిద్దరు అప్పన్నలు. ఆశ పెట్టుకోవద్దు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ సైటులో బర్మా నుంచి వచ్చినవాళ్ల గురించి ఫైళ్లున్నాయి. కాలం ఎలా ఉండేదో తెలుస్తుంది, అంతే.

బర్మాక్యాంపు అమ్మాయి:

అమ్మాయి అన్నది పేరుకే, నాకు 63. మా నాన్న వాళ్లు 60ల్లో, అక్కడ దుకాణాలన్నీ సర్కారు తీసేసుకున్నాక, ఓడలో వచ్చి విశాఖలో దిగారు. మీ తాతది అంతకు ముందు తరం.

తేదీలు అడిగితే మీ అత్తగారు చెప్పలేరు. సంఘటనలు అడగండి. రంగూన్ రేవులో కొట్లాట గురించి తాత ఏమైనా చెప్పాడా? 1930 మేలో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లను వెనక్కి పిలిచి వాళ్లను పొమ్మనేసరికి నరుక్కున్నంత పనయింది. చాలామంది చనిపోయారు. ఆ నెల మొదట్లోనే పెగూ భూకంపం. ఈ రెండింట్లో ఏది చూశానన్నా 1930కి అక్కడున్నట్టే.

తిరుగు దారికి ఊళ్ల పేర్లు అడగండి. రంగూన్ మీద బాంబులు మొదట పడింది 1941 డిసెంబరు 23న. ప్రోం, తౌంగుప్, అక్యాబ్ అంటే పడమటి దారి, చిట్టగాంగ్ మీదుగా. మాండలే, తమూ, పాలేల్, ఇంఫాల్ అంటే మణిపురం కొండల దారి. రెండు దారుల్లోనూ కలరా.

చీపురుపల్లి మనవడు:

అమ్మా, మీరు రాసిన పేర్లలో ఒకటి చదివి అత్తకి ఫోన్ చేశాను. అరగంట మాట్లాడింది.

మా ఇంట్లో ఒక అలవాటుంది. కనుమ నాడు మొదటి విస్తరి పాలేరుకి వడ్డించాకే ఇంట్లోవాళ్లు తినాలి. నాయనమ్మ పెట్టిన నియమం. ఎందుకంటే "మీ తాత నడిచొస్తన్నప్పుడు పాలేలు అన్నం ఎట్టి బతికించినారు" అనేది. ఎవరి పాలేర్లో, ఏ ఊరి వాళ్లో మేమెప్పుడూ అడగలేదు. తాత ఆ మాట విని నవ్వేవాడే గానీ దిద్దలేదట.

పాలేలు కాదు, పాలేల్! పటం తీసి చూశాను. తమూ నుంచి కొండలు దిగాక వచ్చే ఊరు, అక్కడి నుంచి ఇంఫాల్ ముప్ఫై మైళ్ల లోపే. అన్నం పెట్టింది అక్కడి శిబిరంలో అయి ఉంటుంది.

కొట్లాట సంగతీ అడిగాను. రంగూన్‌లోని పజుందాంగ్ పేటలో బియ్యం మిల్లు గోదాములో బస్తాల వెనక మూడు రోజులు దాక్కున్నానని చెప్పేవాడట. అంటే 1930కి అక్కడే ఉన్నాడు. "నాయన నడిచొచ్చిన మర్సటేడు నేను పుట్టినాను" అంది. అంటే అత్తకి ఇన్నాళ్లూ మేం లెక్కేస్తున్న దానికంటే రెండేళ్లు ఎక్కువ. ఈ సంగతి ఆవిడకి నచ్చలేదు.

కరణం గారూ, సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తున్నా. నాయనమ్మ పేరుతోనే మొదట చూస్తా.

అత్త ఇంకోటి అడిగింది, తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే కనుమకి పాలేరుకి పెట్టాలా, మానాలా?

బర్మాక్యాంపు అమ్మాయి:

పెట్టండి బాబూ. ఇన్నేళ్లు తిన్నవాడికి ఇప్పుడు పటం చూపించి విస్తరి తీసేస్తారా?