గూడెం గ్రామసభ తీర్మానంలో కోరం (కనీస హాజరు) లేదు: జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)కా, హైకోర్టుకా?

పర్యావరణ, గిరిజన చట్టాలు చూసే విశాఖ లాయర్లు దారి చూపగలరు. అల్లూరి జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక పంప్‌డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు. అటవీ భూమి మళ్లింపు ఫైల్లోని గ్రామసభ గూడెంలో జరగలేదు, పంచాయతీ కేంద్రంలో పెట్టారు. ఓటర్లు 212 మంది. హాజరు పట్టీలో 43 వేలిముద్రలు, అందులో ఆడవాళ్లవి 6. వరసగా పదకొండు ముద్రలకు ఒకే మచ్చ ఉంది, అది చూస్తేనే గుండె మండుతోంది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలుండాలి.

పర్యావరణ అనుమతి వెబ్‌సైట్‌లో పెట్టి 24 రోజులైంది. ఎన్‌జీటీ చట్టం సెక్షన్ 16లో అప్పీలుకు గడువు 30 రోజులు, కారణం చూపితే మరో 60, అంతే. అందుకే చెన్నై బెంచ్‌లో అప్పీలు ముందు వేసేద్దామనుకుంటున్నాం.

చిక్కు అటవీ అనుమతి దగ్గరే. వచ్చింది స్టేజ్-1 (సూత్రప్రాయ అనుమతి) మాత్రమే. పైగా అటవీ హక్కుల చట్టం ఎన్‌జీటీ షెడ్యూల్లో, అంటే అది విచారించగల చట్టాల జాబితాలో, లేదు. నియమగిరి గనుల విషయం గ్రామసభలే తేల్చాలన్న 2013 సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా తీర్మానంపై ఇప్పుడే హైకోర్టులో రిట్ వేయొచ్చా, తుది ఉత్తర్వు దాకా ఆగాలా? రెండుచోట్లా నడిపినవాళ్లు, ప్రార్థనలు (ఏ కోర్టును ఏం కోరాలన్నవి) ఎలా విడదీశారు? వేలిముద్రల అసలు రిజిస్టరు తెప్పించమని ఏ దశలో అడిగారు?