హ్యాండ్‌ఫాస్టింగ్ తాడు: పొడవెంత, ముడి పడేదెలా?

ప్రశ్న (ఒడ్డు_గాలి)
స్కాట్లండ్‌లో సముద్రపు ఒడ్డున జరిగే పెళ్లికి హ్యాండ్‌ఫాస్టింగ్ (పెళ్లిలో జంట చేతులను కలిపి తాడుతో కట్టే వేడుక) తాడు అల్లాలి. చేతులు కట్టి మళ్లీ విప్పడం కాకుండా, ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకోగానే ముడి పడే పద్ధతి కావాలట. శాటిన్ రిబ్బన్లతో అల్లిన తాడుకు ముడి నిలవడం లేదు. ఏ దారం వాడాలి, ఎంత పొడవు? ఈ ముడితోనే చట్టప్రకారం పెళ్లి అయిపోయినట్టేనా?

మూడుపాయలు
శాటిన్ నున్నన, బిగిసినట్టే ఉండి జారిపోతుంది. నూలు, ఉన్ని అయితే పట్టు ఉంటుంది. మెరుపు కావాల్సిందే అంటే మూడు పాయల్లో ఒక్కటే శాటిన్ పెట్టండి. అల్లాక రెండున్నర నుంచి మూడు మీటర్లు రావాలి. అల్లికలో పావు వంతు దాకా పొడవు తగ్గుతుంది, బిగించి అల్లితే ఇంకా ఎక్కువ. అందుకే ఒక్కో పాయ 4 మీటర్లకు తక్కువ కాకుండా కోయండి. మందం చిటికెన వేలంత చాలు. మరీ లావైతే ముడి దగ్గరకు రాదు.

ఇక ముడి. ఇద్దరూ కుడిచేతులు కలపాలి, ఒకరి వేళ్లు మరొకరి మణికట్టును తాకేంత లోపలికి. కలిసిన చేతుల చుట్టూ తాడును ఒక పూర్తి చుట్టు తిప్పి, కొసలు చెరో వైపుకు వదలండి. ఇప్పుడు ఎవరికి వారు *అవతలివారి* వైపున్న కొసను ఆ చేతి వేళ్లతోనే అందుకుని, పట్టు వదలకుండా చేతిని మెల్లగా వెనక్కి తీసుకోవాలి. చుట్టు చేతుల మీంచి జారి, కొసలు అందులోంచి దూరి ముడి పడుతుంది. ఇద్దరిలో ఒక్కరు తమ వైపు కొస పట్టుకున్నా అంతే, తాడు ఊడి చేతికొస్తుంది! చుట్టు కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి. బిగిస్తే చేతులే బయటికి రావు.

కుచ్చుల_తాడు
పైన చెప్పిందంతా సరే, కానీ గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. సముద్రపు ఒడ్డున కొసలు ఎగిరిపోయి వేళ్లకు అందవు. బరువు కోసం లోహపు బిళ్లలు కడతారు, అవి చుట్టులో ఇరుక్కుంటాయి. చిన్న పూసలు కడితే సరిపోతుంది. కొసల్లో 8 సెంటీమీటర్లు కుచ్చు వదిలి, పైన దారంతో గట్టిగా చుట్టి కట్టండి, లేకపోతే అల్లిక విడిపోతుంది.

వాచీ, చొక్కా కఫ్ బొత్తాం, రాయి పొదిగిన ఉంగరం, మూడూ తాడును పట్టేస్తాయి. కుడిచేతికి ఏమీ లేకుండా చూడండి. బంధువులు తలో రిబ్బన్ వేయాలనుకుంటే ఈ పద్ధతి మానేయండి. ఆరేడు రిబ్బన్ల కట్టలోంచి కొసలు దూరవు. పెళ్లి జరిపించేవారు చేతుల కింద మామూలు ముడి వేయడమే నయం. గాలిలో యూనిటీ క్యాండిల్ (ఇద్దరూ కలిసి వెలిగించే ఒకే కొవ్వొత్తి) వెలిగించాలని మాత్రం అనుకోకండి. దాని బదులు క్వేచ్, అంటే రెండు చెవులున్న గిన్నె, చేతులు మార్చుకుని తాగితే చాలు.

రిజిస్టర్_బల్ల
ముడితో చట్టానికి సంబంధం లేదు. పూర్వం సాక్షుల ముందు ఒకరినొకరు ఒప్పుకుంటే చెల్లేది. 1939 చట్టం ఆ తరహా పెళ్లిళ్లను రద్దు చేసింది, 1940 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ చెరొక ఎం10 ఫారం (పెళ్లి చేసుకుంటామని ఇచ్చే నోటీసు), పెళ్లికి మూడు నెలల లోపు, కనీసం 29 రోజుల ముందు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. అధికారం ఉన్న సెలబ్రెంట్ (పెళ్లి జరిపించేవారు), 16 ఏళ్లు దాటిన ఇద్దరు సాక్షులు తప్పనిసరి. స్కాట్లండ్‌లో అనుమతి స్థలానికి కాదు, పెళ్లి చేయించే మనిషికి ఉంటుంది కాబట్టి ఒడ్డున చేసుకోవచ్చు. హ్యూమనిస్టు (మతంతో సంబంధం లేని) పెళ్లిళ్లు 2005 నుంచి చెల్లుతున్నాయి. ఇంగ్లండ్‌లో అలా కుదరదు, వేరుగా రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాల్సిందే.

"ఏడాదీ ఒక రోజూ" ప్రయోగాత్మక పెళ్లి కథను చరిత్రకారులు ఒప్పుకోరు. పాత హ్యాండ్‌ఫాస్టింగ్ ఎక్కువగా నిశ్చితార్థమే. వేడుక మాటల్లో అది దూర్చకండి.

ఇంకోటి: మ్యారేజ్ షెడ్యూల్‌లో (పెళ్లికి ముందు రిజిస్ట్రార్ ఇచ్చే కాగితం) స్థలం పేరు రాసి ఉంటుంది. వాన పడితే ఎక్కడ చేస్తారో ముందే రిజిస్ట్రార్‌కు చెప్పి పెట్టుకోండి. సంతకాలయ్యాక ఆ కాగితం మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి.