ఎం87లో హెర్షెల్‌కు కనబడేది చల్లని ధూళేనా?

ఎమ్మెస్సీ_ఫిజిక్స్:
అందరికీ నమస్తే. ప్రాజెక్టు కోసం హెర్షెల్ (పరారుణ అంతరిక్ష టెలిస్కోప్) ఆర్కైవ్ నుంచి వర్గో క్లస్టర్ (కన్యా రాశి వైపున్న గెలాక్సీల గుంపు) ఇమేజీలు డౌన్‌లోడ్ చేశాను. 250 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో అందులోని పెద్ద గెలాక్సీ ఎం87 బాగానే వెలుగుతోంది. చుట్టూ గెలాక్సీలు లేని చోట కూడా పొగలాంటి మరకలున్నాయి. ఇదంతా క్లస్టర్‌లోని చల్లని ధూళి అని రాసేయొచ్చా? గైడ్‌గారిని అడిగితే నువ్వే తేల్చుకో అన్నారు. వచ్చే వారమే ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

పరారుణం:
రాసెయ్యకు తమ్ముడూ. ముందు ఎం87 సంగతి. 20 కెల్విన్ల ధూళి అయితే 500 మైక్రాన్ల నుంచి 250కి వచ్చేసరికి ఫ్లక్స్ (మనకు అందే వెలుగు) బాగా పెరగాలి. కొలిచి చూడు, ఇక్కడ తగ్గుతుంది. రేడియో కొలతల మీదుగా గీసిన గీతే దాదాపు సూటిగా ఇక్కడిదాకా వస్తుంది. అది సింక్రోట్రాన్ వెలుగు (అయస్కాంత క్షేత్రంలో దాదాపు కాంతి వేగంతో తిరిగే ఎలక్ట్రాన్లది), నల్ల బిలం దగ్గర పుట్టే జెట్ (దూసుకొచ్చే కణాల ధార) పుణ్యం. 2010లో హెర్షెల్ బృందం తేల్చింది కూడా ఇదే. లెక్క సరిపెట్టడానికి ధూళి అవసరమే పడలేదు.

అసలు క్లస్టర్ వాయువులో ధూళి బతకడమే కష్టం. కోట్ల డిగ్రీల వేడికి ఆవిరైపోతుందని కొందరు రాస్తుంటారు, చదివితే చిరాకేస్తుంది. వాయువు అంత పలుచగా ఉంటే ఆవిరి చేసేంత వేడి రేణువుకు ఎక్కడ అందుతుంది? వేగంగా వచ్చే అయాన్లు ఢీకొని, పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడగొడతాయి. ఘన సెంటీమీటరుకు 0.001 కణం ఉన్న చోట 0.1 మైక్రాన్ రేణువు సుమారు 10 కోట్ల ఏళ్లలో అరిగిపోతుంది. క్లస్టర్ వయసుతో పోలిస్తే అదెంత!

ఇక ఆ మరకలు చాలావరకు మన పాలపుంతలోని ధూళి మేఘాలే, సిర్రస్ అంటారు. వర్గో వైపు వీటి బెడద ఎక్కువ. ఐరాస్ (పాత పరారుణ ఉపగ్రహం) 100 మైక్రాన్ల మ్యాప్ పక్కన పెట్టి చూడు.

డాబామీద_టెలిస్కోప్:
మేడమ్, మరి అదే క్లస్టర్‌లోని ఎం86 గెలాక్సీ? నా ఎనిమిది అంగుళాల దాంట్లో నున్నటి మసక ముద్దలా కనిపిస్తుంది. అందులో ధూళి ఉందని ఎక్కడో చదివాను.

పరారుణం:
ఉందండీ. హెర్షెల్ చూసింది దాదాపు 10 లక్షల సూర్యుళ్ల బరువుంటుంది. సొంతది మాత్రం అనుకోవడం లేదు. పక్కనున్న ఎన్‌జీసీ 4438 అనే స్పైరల్ దీని దగ్గరగా దూసుకెళ్లినప్పుడు లాగేసుకున్న సరుకట. ఆ ధూళి ఉన్న చోటే హైడ్రోజన్ కూడా కనబడుతుంది, నమ్మడానికి అదే ఆధారం.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్:
థాంక్స్ అక్కా! అయితే హైడ్రోజన్ వేగం చూసి సిర్రస్‌ను వేరు చేసేయొచ్చు కదా? మనది సున్నా దగ్గర, క్లస్టర్ సగటు సెకనుకు 1,000 కిలోమీటర్ల పైమాటే.

పరారుణం:
మంచి ఆలోచనే, మామూలుగా పనిచేస్తుంది. ఎం86 దగ్గర జాగ్రత్త. అది సెకనుకు 240 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది, ఎన్‌జీసీ 4438 వేగం 100 కూడా లేదు. వేగం తక్కువుంది కాబట్టి మనదే అనుకుని తీసేస్తే అసలు ధూళే పోతుంది.

ఇంకోటి. ఫ్లక్స్‌లు పోల్చే ముందు 250, 350 మైక్రాన్ల ఇమేజీలను 500 ఇమేజీ స్పష్టత స్థాయికి, అంటే 36 ఆర్క్‌సెకన్లకు మసకబార్చు. స్పైర్ (హెర్షెల్‌లోని కెమెరా) పాయింట్‌సోర్స్ మ్యాపుల యూనిట్ జాన్స్కీ (ఫ్లక్స్ కొలమానం) పర్ బీమ్, బీమ్ (ఒక చుక్క ఇమేజీలో పరుచుకునే మచ్చ) సైజు మూడింటికీ వేరు. ముందు యూనిట్లు మార్చి, తర్వాతే మసకబార్చు.