అప్‌డేట్: ఆ ఇద్దరిలో మావారి పూర్వీకుడు ఎవరో తేలింది

మావారి పూర్వీకుడు 1740ల్లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని వూస్టర్ కౌంటీలో రైతు. అదే ఊళ్ళో అదే పేరుతో ఇద్దరున్నారు, మనవాడు ఎవరో ఎలా తేల్చాలని అడిగాను కదండీ. వీలునామా లేకపోయినా ఆస్తి పంపకాల కాగితాలు చూడమన్న వాళ్ళ మేలు మరచిపోలేను.

వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ప్రొబేట్ ఫైలు (పోయినవాళ్ళ ఆస్తి పంపకాల కోర్టు కాగితాలు) దొరికింది. వీలునామా రాయకుండానే పోయాడాయన. అప్పటి అక్కడి చట్టం ప్రకారం పెద్దకొడుక్కి రెండు వాటాలు, కూతుళ్ళతో సహా మిగతా పిల్లలకి ఒక్కోటి. భార్యకి భూమిలో మూడోవంతు, అదీ ఆవిడ బతికున్నంతకాలమే. ఈ పంపకం పుణ్యమా అని పిల్లల పేర్లన్నీ ఒకేచోట బయటపడ్డాయి. ఆస్తి జాబితాలో ఎడ్ల జత, నాగలి, సైడర్ (ఆపిల్ పానీయం) పీపాలు, ఒక పాత బైబిలు. అది చదువుతుంటే మా అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అసలు చిక్కుముడి విప్పింది మాత్రం గార్డియన్ కాగితం, అంటే తండ్రి పోయిన మైనరు పిల్లలకి సంరక్షకుణ్ణి పెట్టే కాగితం. పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు గార్డియన్‌ని తామే ఎంచుకోవచ్చు. ఈయన కొడుకు తన మేనమామని ఎంచుకున్నాడు. ఆ మేనమామ ఇంటిపేరూ, అత్తగారి దగ్గరున్న ఫ్యామిలీ బైబిల్లో ఆ అబ్బాయి తల్లి పుట్టింటి పేరూ ఒక్కటే! రెండో ఆయన భార్యది వేరే ఇంటిపేరని పెళ్ళి రికార్డులో ఉంది.

తేదీలు చూసేవాళ్ళు జాగ్రత్త. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఫిబ్రవరి 1749 అని రాసుంటే మన లెక్కలో 1750 కావచ్చు.

ఇక ఆయన తండ్రి కోసం దస్తావేజులు చూడాలి. వూస్టర్ కౌంటీ ఏర్పడిందే 1731లో, అందుకని అంతకుముందు ఆ ప్రాంతం ఏ కౌంటీల్లో ఉండేదో ఆ మిడిల్‌సెక్స్, సఫోక్ కౌంటీల రికార్డులు మొదలుపెడుతున్నాను.