ఏఎమ్‌టీ కారులో పంపు మోటారు బ్రష్‌లు అరిగితే బ్రష్‌లు మారిస్తే చాలా, పంపు మొత్తం మార్చాలా?

ఏలూరు_రోడ్డు:
సభ్యులందరికీ నమస్కారం. నా కారు 2016 నాటిది, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తానే మార్చుకునే ఏఎమ్‌టీ రకం, ఇప్పటికి 94,000 కిలోమీటర్లు తిరిగింది. డ్రైవరు వైపు తలుపు తీయగానే బానెట్ లోపలి నుంచి రెండు మూడు సెకన్లు వినిపించే, గేర్లు మార్చే నూనె పంపు మోటారు శబ్దం గత నెల నుంచి ఒక్కోసారి రావడం లేదు. అది రాని రోజున గేరు పడదు, డ్యాష్‌బోర్డు మీద గేరు హెచ్చరిక దీపం వెలుగుతుంది. స్పానరు పిడితో మోటారు మీద మెల్లగా రెండు దెబ్బలు వేస్తే మళ్లీ తిరుగుతుంది. సర్వీసు సెంటరువారు బ్రష్‌లు విడిగా దొరకవని, పంపు, మోటారు, వాల్వులు కలిసి ఉన్న పవర్ ప్యాక్ మొత్తం మార్చాలని చెప్పి, నా నెల జీతాన్ని మించిన అంచనా రాసి ఇచ్చారు. మా వీధి మెకానిక్ మాత్రం బ్రష్‌లు మారిస్తే సరిపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వైండింగ్_షాపు:
మీ మెకానిక్ చెప్పిందే సరైన మాట. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా మోటార్లు చుడుతున్నాను. దెబ్బ వేస్తే తిరిగే మోటారు నా దగ్గరికి వస్తే నేను మొదట చూసేది తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కను, అంటే బ్రష్‌నే. బ్రష్ అరిగి పొట్టిదైతే వెనకనున్న స్ప్రింగు దాన్ని కమ్యుటేటరుకు, అంటే మోటారు ఇరుసు మీది రాగి పలకల చుట్టుకు, గట్టిగా ఆనించలేదు. మీరు వేసిన దెబ్బకు అది వెంట్రుకవాసి కదిలి మళ్లీ తగులుతుంది. అయినా మోటారు విప్పే ముందు, అది తిరగని సమయంలో, దాని తీగల దాకా 12 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరు పెట్టి చూడండి. కరెంటు వస్తున్నా తిరగకపోతే లోపం మోటారులో ఉంది, కరెంటే రాకపోతే దాన్ని కలిపే స్విచ్చైన రిలేనో తీగలనో చూసుకోవాలి. తీగ చుట్టి ఉన్న తిరిగే భాగం, అంటే ఆర్మేచరు, కాలకుండా ఉంటే, వేలి గోరంత కార్బన్ ముక్కలు రెండు అరిగాయని పవర్ ప్యాక్ మొత్తం పారేయించడం అన్యాయమని నా అభిప్రాయం.

చిన్నకారు:
నా కారులోనూ తలుపు తీస్తే శబ్దం వచ్చేది కాదు, కాని రిలే ఒక్కటి మార్చగానే సరిపోయింది.

ఘాట్_దారి:
వైండింగ్ షాపు గారు బ్రష్ అరిగిందన్నారు, ఎందుకు అరిగిందో చెప్పలేదు. ఈ పంపు నూనెను సుమారు 40 నుంచి 50 బార్ల ఒత్తిడికి తెచ్చి, ఆ ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటరు అనే డబ్బాలోకి పంపుతుంది. అందులో నూనెకు అవతలి వైపు నత్రజని వాయువు నిండి ఉంటుంది. నొక్కుకుపోయిన ఆ వాయువు తిరిగి నెట్టే బలంతోనే క్లచ్ విడుస్తుంది, గేరు మారుతుంది. ఆ వాయువు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తప్పించుకుపోతే ఒత్తిడి నిలవదు, కొన్ని గేర్లకు ఒకసారి తిరగవలసిన మోటారు దాదాపు ప్రతి గేరుకూ తిరగవలసి వస్తుంది. ఏ మోటారైనా ఆగి ఉన్న స్థితి నుంచి కదిలే క్షణంలోనే అత్యధిక కరెంటును లాగుతుంది కాబట్టి, అన్నిసార్లు ఆగి అన్నిసార్లు మొదలయ్యే మోటారులో బ్రష్‌లు అరగక ఏమవుతాయి? రోగాన్ని అలాగే ఉంచి కొత్త బ్రష్‌లు వేస్తే అవి కూడా అదే దారిన పోతాయి. అందుకే మార్చితే మొత్తం మార్చాలంటున్నాను.

వైండింగ్_షాపు:
అక్యుములేటరు సంగతి నేను కాదనలేదు. అది మరతో బిగించే విడి భాగం, దాన్ని విడిగా మార్చుకోవచ్చు. అది బలహీనపడితే మోటారునూ వాల్వులనూ కూడా ఎందుకు కొనాలో మీరు చెప్పలేదు. దాన్ని ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. ఇంజను స్టార్టు చేయకుండా తాళం ఆన్ చేసి, బ్రేకు తొక్కి పట్టి, న్యూట్రల్ నుంచి మొదటి గేరుకు, మళ్లీ న్యూట్రల్‌కు మారుస్తూ చెవి పెట్టి వినండి. కొన్ని మార్పుల తర్వాత ఒకసారి మోటారు మోగితే పరవాలేదు. మార్చిన ప్రతిసారీ గాని, ఒకటి విడిచి ఒకసారి గాని మోగితే మాత్రం ఘాట్ దారి గారు చెప్పిన రోగం ఉన్నట్టే.

ఇక పని ఎలా జరుగుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది గుడ్డిగా చేసే పని అని చాలామంది అనుకుంటున్నారు. ముందుగా నూనె ఒత్తిడిని పూర్తిగా దించాలి. టైరులో ఉండే గాలి సుమారు 2 బార్లు మాత్రమే, ఇక్కడ దానికి ఇరవై రెట్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి దించకుండా స్పానరు పెట్టకూడదు. తర్వాత మోటారు మూత అంచులను నెమ్మదిగా లేపి విప్పుతాను. లోపల నల్లటి పొడి ఉంటే అది బ్రష్ అరిగిన పొడి. ఆ పొడి నూనెతో తడిసి కాటుక ముద్దలా అంటుకుని ఉంటే పంపు వైపు సీలు కారుతోందని అర్థం, అలాంటి దానికి నేను బ్రష్‌లు వేయను, సీలు సంగతి తేల్చుకోమని తిప్పి పంపేస్తాను. ఆ పొడి తడవకుండా ఉంటే కమ్యుటేటరును సన్నని గరుకు కాగితంతో శుభ్రం చేస్తాను. ఎమరీ కాగితం వాడను, దాని రేణువులు రాగి పలకల మధ్య ఇరుక్కుంటాయి. రాగి అరిగి, పలకల మధ్యనున్న మైకా అనే కరెంటు పోనివ్వని పొర పైకి తేలి ఉంటే, పలుచగా చేసుకున్న రంపపు బ్లేడుతో ఒక్కో గాడిని కిందికి గీస్తాను. ఒక మోటారు మీద ఈ ఒక్క పనికే గంటకు పైగా పడుతుంది.

ఘాట్_దారి:
గంట పట్టిందా రెండు గంటలు పట్టిందా అని నేను అడగలేదు. ఆ మోటారులో ఏ బ్రష్ వేస్తారు? కంపెనీ బ్రష్‌లు విడిగా అమ్మదని ఏలూరు రోడ్డు గారు మొదటే రాశారు. మరి మీకు ఎక్కడ దొరుకుతున్నాయి?

వైండింగ్_షాపు:
కొలత కుదిరే స్టార్టరు మోటారు బ్రష్ తెచ్చి, ఆకురాయితో అరగదీసి, గూటిలో జారేలా సరిచేసి, తీగను టంకం పెట్టి వేస్తాను. రాగి కలిసిన బ్రష్ కావడం ముఖ్యం, విరిచి చూస్తే లోపల ఎర్రటి మెరుపు కనిపించాలి.

ఘాట్_దారి:
అంటే ఆ మోటారు కోసం తయారైన బ్రష్ కాదని మీరే ఒప్పుకున్నారు. మిక్సీ బ్రష్ అరగదీసి వేసేవాళ్లూ ఇదే మాట చెబుతారు.

వైండింగ్_షాపు:
మిక్సీ బ్రష్ వేరు, ఇది వేరు. మిక్సీ 230 వోల్టుల మీద నడుస్తుంది, దాని కార్బన్ దగ్గర ఒకటి రెండు వోల్టులు పోయినా తేడా తెలియదు. 12 వోల్టుల మోటారులో ఆ రెండు వోల్టులు పోతే ఆరో వంతు పోయినట్టే. మోటారు నీరసంగా తిరుగుతుంది, బ్రష్ వేడెక్కుతుంది, కమ్యుటేటరు నల్లబడుతుంది. అందుకే రాగి కలిసిన బ్రష్ అన్నాను. ఇంత వివరంగా రాసినా మీరు నన్ను మిక్సీ బ్రష్‌లు వేసేవాడి పక్కన నిలబెట్టారు. పెట్టె విప్పి కొత్త భాగం బిగించడం తప్ప మరో పని రానివారి మాటలు మీకు శాస్త్రం, చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నవాడి మాట మీకు మోసం. ఇదెక్కడి న్యాయమండీ?

రాణీగంజ్:
ఇద్దరూ దయచేసి శాంతించండి. అడిగినాయన ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

ఘాట్_దారి:
నేను కోపంగా ఎందుకు రాస్తున్నానో చెప్పకపోతే నాదే తప్పవుతుంది. మూడేళ్ల క్రితం ఒక ఏఎమ్‌టీ కారును పాతదిగా కొన్నాను. గేరుబాక్సు జోలికి ఎవరూ పోలేదని అమ్మినాయన నా ఎదుట, మా అమ్మగారి ఎదుట చెప్పారు. కొన్న నాలుగో నెలలో అమ్మగారిని శ్రీశైలం తీసుకువెళుతూ ఉండగా, మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక, సాయంత్రం పూట ఒక మలుపులో బండి ఆగిపోయింది. ఒత్తిడి పోయిన బండి గేరులోనే బిగిసిపోయింది, క్లచ్ విడవలేదు, వెనకనుంచి వచ్చిన లారీవాళ్లు నలుగురు దిగి తోసినా అంగుళం కదలలేదు. ఫోనులో సిగ్నలు లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ దారిలో రాకపోకలు ఆపేస్తారని మీకు తెలుసు. మా అమ్మగారికి డెబ్బై ఒక్క ఏళ్లు, మధుమేహం ఉంది, ఇన్సులిన్ డబ్బా ఒడిలో పెట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. చివరి బస్సు డ్రైవరు ఆపి ఎక్కించుకున్నాడు కాబట్టి సరిపోయింది.

తర్వాత మోటారు విప్పించాను. లోపల రెండు బ్రష్‌లూ రెండు రకాలు. ఒకటి పాతది, ఒకటి ఆకురాయి గీతలు ఇంకా కనబడుతున్న నల్లటి కార్బన్. టంకం కరిగి తీగ ఊడి పడింది. ఆ పని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఒక్క కాగితం మీదా లేదు.

వైండింగ్_షాపు:
అమ్మగారికి ఏమీ కాలేదు, అది అదృష్టం. బ్రష్‌లు ఒకటి పాతది ఒకటి కొత్తది వేసినవాడు పనివాడే కాదు, రెండూ కలిపే మార్చాలి, తీగను టంకానికి ముందు నొక్కి బిగించాలి. ఆ తప్పును నేను వెనకేసుకు రాను.

కాగితం సంగతికి మాత్రం నేను కూడా జవాబు చెప్పాలి. బిల్లు మీద గేరుబాక్సు అన్న మాట రాయవద్దని, అసలు బిల్లే వద్దని కొందరు నన్ను అడిగారు, నేను రాయకుండానే ఇచ్చాను. ఎందుకంటే రేపు కారు అమ్మబోతే, పని ఎంత బాగా చేసినా, బయట విప్పిన గేరుబాక్సు అని వినగానే ధర తగ్గించేస్తారు. కంపెనీ బ్రష్‌లు అమ్మదు, బయట వేయిస్తే దాన్ని మచ్చగా చూస్తారు. మంచి పని చేసినవాడు కూడా పేరు దాచుకోవలసి వస్తోంది. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

ఘాట్_దారి:
అయితే మన ఇద్దరి గొడవ ఇక్కడే ఉంది. మీరు వేసే బ్రష్ మంచిదే కావచ్చు. మీరు రాయకుండా ఇచ్చిన ఆ కార్లలో ఒకటి ఈ రోజు ఎవరి చేతిలో ఉందో, ఏ ఘాటు ఎక్కుతోందో మీకు తెలియదు. ధర తగ్గుతుందని ఓనరు భయపడితే ఆ నష్టం ఓనరుదే కావాలి, ఏమీ తెలియక కొనుక్కున్నవాడిది కాకూడదు. ఏం వేశారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారో కాగితం మీద రాసి ఇచ్చేవరకు నేను పవర్ ప్యాక్ మొత్తం మార్చమనే చెబుతాను, దానికి బిల్లైనా ఉంటుంది.

వైండింగ్_షాపు:
మీరు అన్నది కాదనలేను. అయితే ఆ బిల్లు కోసం ఒక నెల జీతం పోగొట్టుకోమని ఏలూరు రోడ్డు గారికి చెప్పడం నాకు ఇప్పటికీ సరైనదిగా అనిపించడం లేదు.

కొత్త_సభ్యుడు:
మూత మళ్లీ మూసిన తర్వాత వానాకాలంలో మోటారులోకి నీళ్లు పోకుండా ఏం చేస్తారో ఎవరైనా చెప్పగలరా?

వైండింగ్_షాపు:
అంచు చుట్టూ వేడిని తట్టుకునే సీలెంటు పూసి, మూత నొక్కి, అంచులు మళ్లీ మడిచి, ఒక రాత్రి ఆరనివ్వాలి. తొందరపడి అదే రోజు బిగిస్తే నీళ్లు పోతాయి.

ఏలూరు_రోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మొదట న్యూట్రల్, మొదటి గేరు పరీక్ష చేశాను. ప్రతి రెండో మార్పుకూ మోటారు మోగింది. అందువల్ల ముందు అక్యుములేటరు మార్పించి, ఆ తర్వాతే మోటారు విప్పించాను. లోపల నూనె లేదు, పొడి మాత్రమే ఉంది. ఒక బ్రష్ మినపగింజంత మిగిలింది, రెండోదాని తీగ గూటి అంచుకు తగిలి ఆగిపోయింది. రెండూ కలిపి మార్పించాను. బిల్లు మీద తేదీ, 94,600 కిలోమీటర్లు, స్టార్టరు బ్రష్ అరగదీసి వేసినట్టు, అక్యుములేటరు కొత్తదని పూర్తిగా రాయించాను. మెకానిక్ మొదట ఇష్టపడలేదు, కాని ఈ చర్చ చదివి వినిపించాక సంతకం కూడా చేశాడు. పాత బ్రష్‌లు రెండూ ఒక కవరులో వేసి, బిల్లుతో కలిపి గ్లవ్ బాక్సులో పెట్టాను. ఇప్పుడు ఏడు మార్పులకు ఒకసారి మోటారు మోగుతోంది.

ఘాట్_దారి:
బిల్లు రాయించినందుకు సంతోషం. ప్రతి నెలా ఒకసారి ఆ మార్పులు లెక్కపెట్టి ఇక్కడే రాయండి, ఏడు అయిదుకు దిగిన నెల మాకు తెలియాలి. అప్పటివరకు మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించుకుని ఘాటు దారికి మాత్రం వెళ్లవద్దు.