ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇనుప రెయిలింగ్: బైక్ మీద వెళ్ళేవాళ్ళకు మేలా, కీడా?

రమేశ్: అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం శ్రీశైలం వెళ్తుంటే, దోమలపెంట దాటాక దిగుడులో మా బావమరిది బండి ఇసుక మీద జారింది. బండి ఒక పక్క, తనొక పక్క. తను అలాగే జారుకుంటూ రెయిలింగ్ రేకు కిందికి దూరిపోయి, దాన్ని నిలబెట్టే ఇనుప స్తంభానికి కొట్టుకున్నాడు. మోకాలి కింద ఎముక విరిగింది. లోయలో పడకుండా కాపాడింది కదా అని ఇంట్లో కొందరు, ఆ స్తంభం లేకపోతే కాలు దక్కేదని కొందరు. వచ్చే నెల అమ్మను వెనక కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్ళాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

శ్రీనివాస్: రమేశ్ గారూ, ముందు మీ బావమరిది త్వరగా కోలుకోవాలి. పదకొండేళ్ళుగా రోడ్డు పనుల్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను, ఈ రెయిలింగులు దగ్గరుండి బిగించినవాణ్ణి.

ఇది కార్ల కోసం పుట్టిన వస్తువు. మన రోడ్ల మీద మామూలుగా కనిపించే రకంలో రేకు పై అంచు రోడ్డుకి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. రేకు వెడల్పు 31 సెంటీమీటర్లు. అంటే కింద దాదాపు 40 సెంటీమీటర్ల సందు. స్తంభాలేమో రెండేసి మీటర్లకు ఒకటి. కారు గుద్దితే దెబ్బ రేకు మీద పడుతుంది, రేకూ స్తంభాలూ వంగి ఆ వేగాన్ని తీసుకుంటాయి. పడి జారే మనిషి సరిగ్గా ఆ సందులోకే వెళ్తాడు. మనిషి బరువుకి స్తంభం వంగదు, పైగా దాని అంచు సన్నం. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుద్దితే రేకు మీదుగా అవతలికి ఎగిరిపోయే ప్రమాదం వేరే.

అలాగని తీసేయమనడం తప్పు. పక్కన లోయ ఉన్నచోట అది లేకపోతే ఇంకా ఘోరం. చేయాల్సింది ఆ సందు మూయడం. స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల ప్రమాదకరమైన మలుపుల్లో పై రేకు కింద, నేలకు దగ్గరగా, రెండో రేకు బిగిస్తారు. జారిన మనిషి స్తంభానికి తగలకుండా రేకు వెంబడి పోతాడు. యూరప్‌లో దీని పరీక్షకు 2012 నుంచి ఒక పద్ధతి ఉంది: హెల్మెట్ పెట్టిన బొమ్మను గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో, 30 డిగ్రీల కోణంలో, తల ముందుగా రేకు మీదికి జారవిడుస్తారు. నేను పనిచేసిన రోడ్లలో ఇలాంటి రేకు ఎక్కడా వేయలేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల వాళ్ళవే.

లక్ష్మి: శ్రీనివాస్ అన్నా, మా ఊరి కల్వర్టు దగ్గర రేకు చివర చేప తోకలా విప్పారి రోడ్డు వైపు చూస్తుంటుంది. అలా ఉండొచ్చా?

శ్రీనివాస్: ఉండకూడదమ్మా. ఆ చివర రోడ్డుకి దూరంగా పక్కకు తిరిగి ఉండాలి, లేదా కిందికి వంచి భూమిలో పాతాలి. ఇంకొకటి చూడు. రెండు రేకులు కలిసే అతుకు మీద బండ్లు వెళ్ళే దిశలో చెయ్యి రాస్తే అంచు గుచ్చుకోకూడదు. గుచ్చుకుందంటే రేకులు తిరగేసి బిగించినట్టే. ఫొటోలు తీసి, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరుతో ఆర్ అండ్ బీ ఇంజనీరుకి రాసి ఇవ్వు, రసీదు తీసుకో. టోల్ కట్టే జాతీయ రహదారైతే 1033కి ఫోన్ చెయ్యి. రోడ్డు కట్టడంలో లోపం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా బాధ్యులకు లక్ష దాకా జరిమానా వేయొచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. అర్జీలో ఆ మాట కూడా రాయి.

రమేశ్: మరి బండి మీద నేనేం చూసుకోవాలి?

శ్రీనివాస్: దిగుడులో పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదలొద్దు, రెండో గేరులో దిగండి. వేగమంతా మలుపుకి ముందే తగ్గించుకోండి, మలుపులో బ్రేకు నొక్కితే ఇసుక మీద చక్రం నిలవదు. చూపు రెయిలింగ్ మీద పెట్టొద్దు, మలుపు ఎటు తిరుగుతోందో అటు ఉంచండి. ఎటు చూస్తే బండి అటే పోతుంది. ఇసుక అంచుల్లో పేరుకుంటుంది కాబట్టి మీ వరస మధ్యలో ఉండండి. ఒకవేళ పడితే బండిని వదిలేయండి, పట్టుకుంటే అది ఈడ్చుకుపోతుంది. అమ్మగారికి ఐఎస్ఐ హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ మీరే బిగించండి.

నాగరాజు: ఒక మాట కలుపుతాను. ఎవరైనా పడి ఉంటే కంగారులో హెల్మెట్ లాగేయకండి, మెడ దెబ్బతిని ఉండొచ్చు. ఊపిరి ఆడుతుంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.

రమేశ్: అందరికీ ధన్యవాదాలు. శనివారం పొద్దున్నే వెళ్ళి ఆ స్తంభం ఫొటోలు తీసుకొస్తాను.

శ్రీనివాస్: మలుపులో బండి ఆపకండి. ముందు ఖాళీ చోట ఆపి, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడిచి వెళ్ళండి. టేపు కూడా తీసుకెళ్ళండి, రేకు కింద సందు ఎంతుందో కొలిచి అర్జీలో రాద్దాం.