ల్యాబ్‌లో పుట్టిన పరికరం: మనమే కంపెనీ పెట్టాలా, ఉన్న కంపెనీకి ఇచ్చెయ్యాలా?

పసిఊపిరి:
నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరి ఆగితే మోగే చిన్న పరికరం మూడేళ్లు కష్టపడి చేశాం. పేటెంటు యూనివర్సిటీ పేరు మీద ఉంది. ఏదైనా పెద్ద కంపెనీకి లైసెన్సు, అంటే తయారుచేసి అమ్ముకునే హక్కు, ఇద్దామని యూనివర్సిటీ వాళ్లు, మీరే కంపెనీ పెట్టండని మా సార్ అంటున్నారు. ఎవరో కొనుక్కుని బీరువాలో పడేస్తారేమోనని నా భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుండెకవాటం:
తమ్ముడూ, లైసెన్సు ఇస్తే బీరువాలోకే పోతుందని ఎందుకనుకుంటున్నావు? తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె సర్జన్ వలియథాన్ గారి బృందం కృత్రిమ గుండె కవాటం చేసింది. మూడు నమూనాలు విఫలమై, నాలుగోది 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. తయారీ టీటీకే అనే కంపెనీకి అప్పగించారు. ఇప్పటికి లక్షమందికి పైగా అమర్చారు. వైద్యం ఒక విద్య, ఫ్యాక్టరీ నడపడం ఇంకో విద్య.

బెంగళూరునుంచి:
అక్కడ ఆసుపత్రీ, పరికరాల విభాగమూ ఒకే సంస్థవి. సర్జన్లు, ఇంజనీర్లు ఏళ్లతరబడి కలిసి పనిచేశారు. ఆ వసతి ఎన్ని యూనివర్సిటీలకుంది? 2007లో స్టాన్‌ఫర్డ్ క్లాసులో పుట్టిన ఎంబ్రేస్ సంగతి చూడండి. తక్కువ బరువు పిల్లలకు వెచ్చదనమిచ్చే సంచి అది. ఆ విద్యార్థులే సొంతంగా సంస్థ పెట్టి బెంగళూరు వచ్చారు. వేడి అంకెల్లో చూపిస్తే, మందు డోసు తగ్గించినట్టే తల్లులు వేడి తగ్గించి పెడతారని ఊళ్లలో తిరిగితేనే తెలిసింది. అంకెలు తీసేసి 'ఓకే' గుర్తు పెట్టారు. లైసెన్సు తీసుకున్నవాడు అంత తిరుగుతాడా?

వార్డుఇంజనీరు:
నేను ఆసుపత్రిలో పరికరాలు చూసేవాణ్ణి. ఒక కాలేజీ వాళ్లు మా ఐసీయూలో మానిటర్ పెట్టారు. ల్యాబ్‌లో బంగారంలా పనిచేసిందట. మా సిస్టరమ్మ షిఫ్టుకోసారి స్పిరిట్ దూదితో తుడిచేది. పదో రోజుకి బటన్ల మీద అక్షరాలు పోయాయి. రెండో నెల సెన్సార్ వైరు తెగింది. ఫోన్ చేస్తే, దాన్ని చేసిన కుర్రాడు పీహెచ్‌డీ అయిపోయి అమెరికా వెళ్లాడన్నారు. ఆ డబ్బా ఇప్పటికీ మా స్టోర్ రూములోనే ఉంది. కంపెనీ ఎవరిదైనా సరే, రాత్రి రెండింటికి అలారం మోగకపోతే ఫోన్ ఎత్తేదెవరు? అది తేల్చుకోకుండా పసిపిల్లల దగ్గరికి రావద్దు, దయచేసి.

గుండెకవాటం:
ఇంకో మాట. కంపెనీ పెడితే మీ సార్‌కి షేర్లుంటాయి. అలాంటప్పుడు పరికరాన్ని పిల్లలమీద పరీక్షించే ట్రయల్‌కి ఆయన నాయకత్వం వహించకూడదు. ఆ ట్రయల్‌కి ఒప్పుకుని సంతకం పెట్టే తల్లికి ఆ షేర్ల సంగతి చెప్పాలి. 2017 వైద్య పరికరాల నిబంధనల్లో, ప్రమాదం ఎంతన్నదాన్నిబట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులున్నాయి. మీది ఎందులో పడుతుందో ముందు తేల్చుకో, ఖర్చూ కాలమూ దాన్నిబట్టే. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షల ల్యాబులున్నాయి, వెళ్లి మాట్లాడు.

బెంగళూరునుంచి:
షేర్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయినా కంపెనీయే పెట్టమంటాను. లైసెన్సే ఇవ్వాల్సి వస్తే, ఫలానా గడువులోగా మార్కెట్లోకి తేకపోతే హక్కులు యూనివర్సిటీకే తిరిగిరావాలని ఒప్పందంలో రాయించు.

పసిఊపిరి:
ఆ షరతు మా వాళ్లెవరికీ తట్టలేదు, రేపే అడుగుతాను. కంపెనీ పెట్టాలనే ఇప్పటికీ ఉంది. కానీ వార్డుఇంజనీరు గారూ, మీరడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా బృందంలో ఇద్దరం వచ్చే ఏడాది వెళ్లిపోయేవాళ్లమే. ముందు మా పరికరాన్ని స్పిరిట్‌తో నెలరోజులు తుడిచి చూస్తాను. మీ వార్డుకొచ్చి ఒక రాత్రి కూర్చోనిస్తారా?

వార్డుఇంజనీరు:
రండి. నైట్ డ్యూటీ ఎనిమిదింటికి మొదలు.